పర్షియన్ కూనను కొనాలంటే ముందు దాని తల్లిని చూడండి

"ప్యూర్ పర్షియన్, సెమీ పంచ్, ట్రిపుల్ కోట్, 45 రోజులు, లిట్టర్ ట్రెయిన్డ్, ఫస్ట్ వ్యాక్సిన్ డన్, పేపర్స్ ఎక్స్‌ట్రా." హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ జాతి పిల్లికూనల ప్రకటన ఏది చూసినా ఇంచుమించు ఇదే వరస. కొనేవాళ్లు బేరమాడేది మొదటి మూడు మాటల మీద. ఆ మూడూ కూన ఎలా ఉంటుందో చెబుతాయి తప్ప ఎన్నాళ్లు ఆరోగ్యంగా బతుకుతుందో చెప్పవు. ఆ సంగతి తేల్చేవి వేరే ఉన్నాయి: తల్లిదండ్రుల కిడ్నీలు, తల్లి దగ్గర గడిపిన వారాలు, పుట్టిన ఇంట్లో తిరుగుతున్న రోగాలు, టీకా పడిన తేదీ. వీటిలో ఒక్కటీ ఫొటోలో కనిపించదు. కూనను ఎంచుకోవడమంటే అది పుట్టిన ఇంటిని ఎంచుకోవడమే. తల్లిని చూపించని చోట ఎంత ముద్దొచ్చే కూన ఉన్నా వెనక్కి వచ్చేయాలి.

మన దగ్గర అమ్ముడయ్యే జాతి పిల్లుల్లో ఎక్కువ కనిపించేవి పర్షియన్లే కాబట్టి ఇక్కడ ప్రధానంగా వాటి గురించే చెబుతున్నాం. మిగతా జాతుల మాట అవసరమైన చోట వస్తుంది.

ముఖాన్ని బట్టి ధర

ముక్కు కాస్త బయటికి ఉంటే డాల్ ఫేస్, కొంత నొక్కుకుపోతే సెమీ పంచ్, చదునైపోతే పంచ్, ఇంకా లోపలికి పోతే ఎక్స్‌ట్రీమ్ పంచ్. ముఖం చదునయ్యే కొద్దీ ధర పెరుగుతుంది. ఈ తరగతులు వ్యాపారం పెట్టినవి, ఏ జాతి ప్రమాణంలోనూ ఇలాంటి మెట్లు ఉండవు. "ట్రిపుల్ కోట్" కూడా అంతే. పర్షియన్‌కు పైన పొడవాటి వెంట్రుక, అడుగున దట్టమైన మెత్తటి బొచ్చు ఉంటాయి, మూడో పొర పేరుతో అదనంగా డబ్బు కట్టాల్సిన పని లేదు.

పొడవాటి జుట్టు ఉన్నంత మాత్రాన పర్షియన్ అనుకోవడానికీ లేదు. పొడవాటి జుట్టు జన్యువు బయటపడాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ అందాలి. పర్షియన్‌కీ మన వీధి పిల్లికీ పుట్టిన కూనలు సాధారణంగా పొట్టి జుట్టుతోనే ఉంటాయి. ఆ కూనల్లో ఒకదాన్ని మళ్లీ పర్షియన్‌తో కలిపితే పుట్టేవాటిలో దాదాపు సగం పొడవాటి జుట్టుతో వస్తాయి. అవే "డాల్ ఫేస్ ప్యూర్ పర్షియన్లు"గా అమ్ముడవుతుంటాయి. ఇలాంటి కూన ఆరోగ్యానికి వచ్చే లోటేమీ లేదు, ముక్కు తెరుచుకుని ఉంటుంది కాబట్టి మన ఎండలకు అదే నయం కూడా. జాతి ధర పెట్టి కొనడమే నష్టం.

చదును ముఖం సంగతి అలా కాదు. పుర్రె పొట్టిదైనా లోపలి మెత్తటి భాగాలు అదే మేరకు చిన్నబడవు. అంగిలి, ముక్కు లోపలి పొరలు ఇరుకు చోట్లో కుక్కుకుని ఉంటాయి. ముక్కు రంధ్రాలు సన్నబడి ఊపిరి కష్టమవుతుంది. కన్నీటి గొట్టం వంకర తిరగడంతో నీరు ముక్కులోకి దిగక చెంపల మీద కారి, అక్కడి చర్మం ఎప్పుడూ తడిగా ఉండి పాసిపోతుంది. కళ్లు ముందుకు పొడుచుకొచ్చి నల్లగుడ్డు మీద పుండ్లు పడతాయి. దవడలు సరిగా కలవక పళ్లు వంకరగా వస్తాయి. దీనికి మన వేసవి తోడవుతుంది. పిల్లికి చెమట పట్టేది పాదాల మెత్తల్లోనే. మరీ వేడెక్కితే రొప్పుతూ ఆ వేడిని బయటికి పంపాలి. ఊపిరి దారే ఇరుకైనప్పుడు ఆ మార్గమూ సగం మూసుకుపోయినట్టే. మే నెలలో 42, 43 డిగ్రీలకు చేరే ఊళ్లో, పగటిపూట కరెంటు పోతుండే ఇంట్లో పంచ్ ఫేస్ పర్షియన్‌ను పెంచడం దానికి హింస. ఏసీ నడిపే స్తోమత, ఓపిక లేకపోతే ఆ రకం జోలికి పోకపోవడమే మంచిది.

చూసేటప్పుడు కూనను మీ కళ్ల ఎత్తుకు పట్టుకుని ఎదురుగా చూడండి. దాని రెండు కళ్ల కింది అంచులను కలుపుతూ ఒక అడ్డగీత ఊహించుకోండి. ముక్కు చివర ఉండే వెంట్రుకల్లేని చర్మం పై అంచు ఆ గీతను దాటి పైకి పోకూడదు. బ్రిటన్‌లో పిల్లుల రిజిస్ట్రేషన్ సంస్థ జీసీసీఎఫ్ పర్షియన్లకు పెట్టిన హద్దు ఇదే. అమెరికా సంస్థ సీఎఫ్ఏ ప్రమాణం ముక్కు విరుపు (నుదుటి కింద ముక్కు మొదలయ్యే చోటి నొక్కు) రెండు కళ్ల నడుమన ఉండాలంటుంది, అంటే ముఖం ఇంకా చదునుగా ఉంటుంది. ప్రదర్శనల గొడవ లేకుండా ఇంట్లో పెంచుకునేవాళ్లకు బ్రిటన్ హద్దు చాలు. ఆ తర్వాత కూన నిద్రపోతున్నప్పుడు చెవి దగ్గరపెట్టి వినండి. గురక, ఈల, గరగర ఏవీ ఉండకూడదు. రెండు నిమిషాలు ఆడించి మళ్లీ గమనించండి. ఆడినంతలోనే నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఆ కూన వద్దు.

పేపర్లు ఏం చెబుతాయి

పెడిగ్రీ పత్రం వంశవృక్షం. కూన పేరు, పుట్టిన తేదీ, రంగు, రిజిస్ట్రేషన్ నంబరు, తల్లిదండ్రుల పేర్లు, వాటి వెనక మూడు నాలుగు తరాల పేర్లు అందులో ఉంటాయి. ఇచ్చేది పిల్లుల రిజిస్ట్రీ: 1906లో మొదలైన సీఎఫ్ఏ, 1979లో మొదలైన టికా, యూరప్ మూలాలున్న ఫీఫే, డబ్ల్యూసీఎఫ్ లాంటివి, లేదా వాటికి అనుబంధంగా పనిచేసే క్లబ్బులు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కుక్కలను రిజిస్టర్ చేసే సంస్థ. "కేసీఐ పేపర్లున్న పర్షియన్" అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయవచ్చు.

పత్రం ఉన్నా చదివి చూడాలి. పూర్వీకుల గడులు ఖాళీగా ఉంటే, ఆ పిల్లిని రూపం చూసి ప్రాథమిక రిజిస్టర్‌లో చేర్చుకున్నారని అర్థం. వంశం తెలియని పిల్లిని జడ్జి చూసి జాతి లక్షణాలున్నాయని ఒప్పుకుంటే అలా నమోదు చేసే పద్ధతి కొన్ని సంస్థల్లో ఉంది. అది మోసమేమీ కాదు, కానీ నాలుగు తరాల పత్రం ధర దానికి ఇవ్వకూడదు. పత్రంలోని రంగూ కూన రంగూ ఒకటేనా, మైక్రోచిప్ నంబరు రాసి ఉంటే డాక్టరు దగ్గర రీడర్‌తో చూసినప్పుడు అవే 15 అంకెలు వస్తున్నాయా అన్నది చూసుకోవాలి. "పేపర్లు తర్వాత పంపిస్తాం" అనే మాట మీద డబ్బంతా కట్టకండి. రిజిస్ట్రేషన్ పూర్తి కాలేదంటే కొంత మొత్తం పత్రం చేతికొచ్చాక ఇస్తామని రాతలో పెట్టుకోండి.

"ఇంపోర్టెడ్ లైన్" అన్నప్పుడు అడగాల్సింది ఒక్కటే: విదేశం నుంచి వచ్చిన ఆ పిల్లికి మన కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం ఇచ్చిన అనుమతి పత్రం. చట్టబద్ధంగా వచ్చిన ప్రతి పిల్లికీ అది ఉంటుంది. దుకాణంలో కొంటున్నట్టయితే 2018 నాటి పెట్ షాప్ నిబంధనల కింద రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయిందో లేదో చూపించమనండి.

ఇంతా చేసి ఈ పత్రాలేవీ ఆరోగ్యం గురించి హామీ ఇవ్వవు. నిఖార్సయిన వంశంలోనే కొన్ని జబ్బులు ఎక్కువ, ఎందుకంటే జాతిని నిలబెట్టడానికి దగ్గరి సంబంధాల్లోనే జత కడుతూ వస్తారు.

కిడ్నీల పరీక్ష: అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న

పర్షియన్లను తరతరాలుగా వెంటాడుతున్న జబ్బు పీకేడీ. పుట్టుకతోనే కిడ్నీల్లో నీటితిత్తులు ఉంటాయి, ఏళ్లు గడిచే కొద్దీ పెరిగి కిడ్నీ కణజాలాన్ని తినేస్తాయి. కూనగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. సగటున 7 ఏళ్ల ప్రాంతంలో నీళ్లు ఎక్కువ తాగడం, బరువు తగ్గడం, వాంతులు మొదలవుతాయి. అప్పటికి నయం చేసే మార్గం ఉండదు, కిడ్నీల మీద భారం తగ్గిస్తూ నెట్టుకురావడమే. వివిధ దేశాల్లో పర్షియన్లను పరీక్షించిన కాలంలో మూడో వంతుకు పైగా పిల్లుల్లో ఇది కనిపించింది. పీకేడీ1 జన్యువులోని ఒకే ఒక్క మార్పు దీనికి కారణమని 2004లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు తేల్చారు.

ఈ జబ్బు సంక్రమించే తీరు తెలిస్తే అమ్మేవాళ్లను ఏమడగాలో స్పష్టమవుతుంది. లోపమున్న జన్యువు ఒక్క ప్రతి అందినా చాలు జబ్బు రావడానికి. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఉంటే ప్రతి కూనకూ వచ్చే అవకాశం సగానికి సగం. రెండింటికీ ఉంటే, రెండు లోప ప్రతులు అందిన పిండాలు కడుపులోనే పోతాయి. పుట్టినవాటిలో మూడింట రెండు వంతులకు జబ్బు ఉంటుంది. రెండింటికీ లేకపోతే కూనలకు ఈ లోపం రాదు. అంటే కూనను పరీక్షించనక్కర్లేదు, తల్లిదండ్రుల రిపోర్టులు చాలు. చెంప లోపల దూదిపుల్లతో రుద్ది తీసిన నమూనాతో ఏ వయసులోనైనా జన్యు పరీక్ష చేయవచ్చు, జీవితంలో ఒక్కసారి చేయిస్తే సరిపోతుంది. అది చేయించలేదంటే 10 నెలలు దాటిన తల్లిదండ్రులకు అనుభవమున్న డాక్టరుతో తీయించిన కిడ్నీ అల్ట్రాసౌండ్ అడగండి. రిపోర్టులో పిల్లి పేరు లేదా మైక్రోచిప్ నంబరు ఉండాలి. "పర్షియన్ క్యాట్, నార్మల్" అని మాత్రమే ఉన్న కాగితం ఏ పిల్లిదైనా కావచ్చు.

మన దగ్గర ఈ పరీక్ష చేయించే పెంపకందార్లు తక్కువ. అడిగేవాళ్లు లేకపోవడం కూడా అందుకు ఒక కారణం. పంచ్ ఫేస్‌కు అదనంగా వేలు పోసేవాళ్లు ఆ డబ్బుతోనే పరీక్ష చేసిన డాల్ ఫేస్ కూనను అడగడం మొదలుపెడితే ఈ వ్యాపారం తీరు మారుతుంది. పీకేడీ పేరు కూడా విననివాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు. హిమాలయన్ పేరుతో అమ్మేదీ ముఖం, చెవులు, కాళ్ల చివర్లు మాత్రం ముదురు రంగులో ఉండే పర్షియనే. దానికీ ఇదే పరీక్ష కావాలి.

వేరే జాతులైతే ప్రశ్న మారుతుంది. మెయిన్ కూన్, రాగ్‌డాల్ పిల్లులకు గుండె కండరం మందంగా పెరిగే జబ్బు ఉంది. మెయిన్ కూన్లలో కారణమైన జన్యుమార్పు 2005లో, రాగ్‌డాల్స్‌లో వేరే మార్పు 2007లో దొరికాయి. ఆ జన్యు పరీక్షలో లేదని వచ్చినా గుండె జబ్బు రాదని కాదు, తెలియని మార్పులు ఇంకా ఉన్నాయి. కాబట్టి తల్లిదండ్రుల గుండె స్కాన్ కూడా ఉండాలి. స్కాటిష్ ఫోల్డ్‌ను అసలు కొనకండి. చెవులు ముడుచుకునేది మృదులాస్థి లోపం వల్ల. ఆ లోపం చెవులకే పరిమితం కాదు, ఒంట్లోని కీళ్లన్నిటిలోనూ ఉంటుంది. ఒక్క ప్రతి ఉన్నా నొప్పి తప్పదు. 1970ల తొలినాళ్లలోనే జీసీసీఎఫ్ ఈ జాతిని రిజిస్టర్ చేయడం ఆపేసింది. ముద్దొచ్చే ఆ ముఖం వెనక జీవితాంతం కీళ్లనొప్పులుంటాయి.

45 రోజులు చాలవు

అమ్మేవాళ్లకు 45 రోజులు లాభసాటి: కూన అప్పుడే బొద్దుగా, బొమ్మలా ఉంటుంది, తిండి ఖర్చు ఇంకా మొదలవదు, టీకాల ఖర్చు మిగులుతుంది. కూనకు మాత్రం అది అన్నిరకాలా చెడ్డ సమయం. జీసీసీఎఫ్ సూచించేది 13 వారాలు. 12 వారాలకు తగ్గకుండా తీసుకోవాలి. అమ్మేవాళ్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారని 8 వారాలకు లోపు కూనను ఎట్టి పరిస్థితిలోనూ తెచ్చుకోవద్దు.

ఎంత గట్టిగా కరవవచ్చు, ఎప్పుడు గోళ్లు లోపలికి లాక్కోవాలి అన్నది కూన నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువులతో కుస్తీ పట్లలో. 45 రోజులకే విడిపోయిన కూన ఆ పాఠం మీ చేతుల మీద నేర్చుకుంటుంది. హెల్సింకి విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు 6,000 పిల్లుల యజమానుల నుంచి సమాచారం సేకరించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, 8 వారాలకు ముందే తల్లి నుంచి వేరైన పిల్లుల్లో దూకుడు ఎక్కువగా, 14 వారాల తర్వాత వేరైనవాటిలో ప్రవర్తన సమస్యలు తక్కువగా కనిపించాయి.

టీకా సంగతి ఇంకా ముఖ్యం. తల్లి ముర్రుపాల ద్వారా వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఒక కూనలో 8 వారాలకే పోవచ్చు, ఇంకో కూనలో 14, 16 వారాల దాకా ఉండవచ్చు. ఎప్పుడు పోతుందో బయటికి తెలియదు కాబట్టే టీకాను 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి 3, 4 వారాలకోసారి 16 వారాల వయసు దాకా వేస్తారు. మన డాక్టర్లు ట్రైక్యాట్ అని పిలిచే టీకా ఇదే: పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి అనే మూడు వైరస్‌లకు. 12 వారాలు దాటాక రేబిస్ టీకా. కాబట్టి 45 రోజుల కూనకు "ఫస్ట్ వ్యాక్సిన్ డన్" అన్నారంటే అది ఇంకా రక్షణ లేని కూనే. టీకా కార్డులో సీసా మీంచి తీసి అంటించిన స్టిక్కరు, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పెన్నుతో రాసిన టిక్కు ఏమీ రుజువు చేయదు.

వయసు గురించి అబద్ధం చెబుతున్నారేమో తేల్చుకోవడం తేలికే. వంటింటి కాటా తీసుకెళ్లండి. పుట్టినప్పుడు 100 గ్రాములున్న కూన వారానికి సుమారు 100 గ్రాములు పెరుగుతుంది. 8 వారాలకు 800 నుంచి 900 గ్రాములు, 12 వారాలకు కిలో పైన ఉండాలి. "రెండున్నర నెలలు" అన్న కూన 600 గ్రాములు తూగితే ఐదారు వారాలదైనా అయి ఉండాలి, జబ్బుదైనా అయి ఉండాలి. నోట్లో వెనక పాలపళ్లు 5, 6 వారాలకు వస్తాయి, అవి కనబడకపోతే ఇంకా చిన్నది. పుట్టు నీలం రంగు కళ్లు 6, 7 వారాలకు మారడం మొదలవుతాయి.

ఆ ఇంటికి వెళ్లినప్పుడు

మెట్రో స్టేషన్ దగ్గరో, పార్కింగ్ స్థలంలోనో కూనను చేతికిస్తామంటే వద్దనండి. రాత్రి బస్సులో బుట్టలో పెట్టి పంపిస్తామన్నా వద్దే. వెళ్లగానే మొదట తల్లిని అడగండి. కూనలతో కలిసి ఉందా, మనిషి చేతికి వస్తుందా, ముక్కు కారుతోందా, ఎన్నో కాన్పు అన్నది గమనించండి. తల్లి బెదిరి మూల నక్కుతుంటే కూనల్లోనూ ఆ బెదురు ఎంతోకొంత ఉంటుంది. బోనుల్లో పదిహేను ఇరవై పిల్లులు, ఘాటైన మూత్రం వాసన, ఎక్కడో తుమ్ములు ఉంటే కూన ఎంత బాగున్నా కొనకండి. కిక్కిరిసిన చోట కరోనా జాతి వైరస్ ఒకటి (మనుషుల కోవిడ్‌కు సంబంధం లేనిది) పిల్లుల మధ్య తిరుగుతుంటుంది. కొన్ని కూనల్లో అది మారి ఎఫ్ఐపీ అనే ప్రాణాంతక జబ్బవుతుంది. ఇప్పుడు దానికి మందులున్నా వైద్యం వారాల తరబడి సాగుతుంది, ఖర్చూ తక్కువ కాదు. తల్లికి ల్యుకీమియా వైరస్, ఎఫ్ఐవీ (రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) పరీక్ష చేయించారా అన్నదీ అడగాలి.

తర్వాత కూన. కళ్లలో ఊసి, ముక్కు చుట్టూ చీమిడి ఉండకూడదు. చెవిలో నల్లటి పొడిపొడి గులిమి కనిపిస్తే చెవి పురుగులు. తోక ఎత్తి చూడండి, మలం అంటుకుని ఉంటే విరేచనాలు. పొట్ట ఉబ్బి ఒళ్లు సన్నగా ఉంటే నులిపురుగులు. దువ్వెనతో నడుం మీద దువ్వి రాలిన నల్లటి నలుసులను తడి టిష్యూ మీద వేయండి. ఎర్రటి మరక వస్తే అది ఫ్లీస్ రెట్ట, రక్తం తాగే పురుగులున్నట్టే.

పర్షియన్లలో అందరినీ బాధపెట్టేది తామర. చెవుల అంచులు, ముక్కు పక్క, గోళ్ల చుట్టూ, తోక మొదట్లో జుట్టు పాయలు విడదీసి చూడండి: గుండ్రంగా జుట్టు ఊడిన మచ్చలు, బూడిదరంగు పొట్టు ఉన్నాయేమో. అమ్మేవాళ్లు "నేలకు రుద్దుకుంది", "తోబుట్టువు కొరికింది" అంటారు. డాక్టరు వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద పెడితే చాలాసార్లు ఆకుపచ్చగా మెరుస్తుంది. మెరవనంత మాత్రాన లేదని కాదు, వెంట్రుకల మీది ఫంగస్‌ను పెంచి చూసే కల్చర్ పరీక్షే ఖాయం చేస్తుంది, దానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇది మనుషులకూ అంటుతుంది. కూనను ఎత్తుకున్న పిల్లల చేతుల మీద, మెడ మీద ఎర్రటి వలయాలుగా బయటపడుతుంది. ఊడిన వెంట్రుకల్లోని బీజాలు నెలల తరబడి సోఫాలో, కర్టెన్లలో బతికి ఉంటాయి. ఇంట్లో పసిపిల్లలో, షుగరున్న పెద్దవాళ్లో ఉంటే మచ్చ కనిపించిన కూనను అసలు తేవద్దు.

తెల్లటి ఒళ్లు, నీలి కళ్లు ఉన్న కూనలకు ధర ఎక్కువ చెబుతారు. రెండు కళ్లూ నీలంగా ఉన్న తెల్ల పిల్లుల్లో 65 నుంచి 85 శాతం, ఒక్క కన్ను నీలమైతే దాదాపు 40 శాతం చెవిటివి. కూన వెనక నిలబడి, గాలి తగలకుండా, నేల అదరకుండా తాళాల గుత్తి ఒక్కసారి ఆడించండి. చెవి తిరగకపోతే మరో రెండుసార్లు ప్రయత్నించండి. చెవిటి పిల్లి ఇంట్లో చక్కగా పెరుగుతుంది, బయటికి మాత్రం పంపకూడదు. తెలిసి తెచ్చుకుంటే ఇబ్బంది లేదు.

ఆఖరున అమ్మకం కాగితం. కూన వివరాలు, ధర, 48 లేదా 72 గంటల్లో మీ డాక్టరు పరీక్షించి తీవ్రమైన జబ్బుందని రాసిస్తే తిరిగి తీసుకుంటామన్న మాట, రెండు వైపులా సంతకాలు. మంచి పెంపకందారు మిమ్మల్నీ ప్రశ్నలడుగుతారు: బాల్కనీకి వల ఉందా, పగలు ఇంట్లో ఎవరుంటారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తారా అని. విసుక్కోకండి, అలా అడిగేవాళ్లు దొరకడం అదృష్టం.

ఇంటికి తెచ్చాక

గట్టి ప్లాస్టిక్ క్యారియర్, అడుగున తల్లి పడుకున్న గుడ్డ ముక్క, పైన పలచటి తువ్వాలు. ప్రయాణానికి రెండు గంటల ముందు తిండి ఆపాలి, నీళ్లు ఆపకూడదు. ఎండాకాలంలో తెల్లవారుజామున బయలుదేరండి. బైకు మీద, ఒళ్లో పెట్టుకుని వద్దు.

మొదటి వారం ఒక చిన్న గది చాలు. ఇల్లంతా ఒకేసారి వదిలితే బీరువా వెనకో ఫ్రిజ్ కిందో దూరి రెండు రోజులు రాదు. గదిలో ఒక మూల లిట్టర్ ట్రే (మలమూత్రాల కోసం గుళికలో పొడో పోసిన పళ్లెం), దూరంగా ఎదురు మూల తిండి, నీళ్లు. మూడు నెలలలోపు కూనలు లిట్టర్‌ను కొరికి చూస్తాయి. ఉండకట్టే బెంటొనైట్ బంకమట్టి రకం పొట్టలో ఉబ్బే ప్రమాదం ఉంది కాబట్టి మొదట్లో చెక్క గుళికలో, ఉండకట్టని రకమో వాడండి. అమ్మినవాళ్లు ఏది వాడారో ఓ గుప్పెడు అడిగి తెచ్చి ట్రేలో కలిపితే "లిట్టర్ ట్రెయిన్డ్" అన్న మాట నిజమవుతుంది. ఇంట్లో పిల్లి ముందే ఉంటే రెండు వారాలు ముఖాలు కూడా చూపించవద్దు, గిన్నెలూ వేరుగానే ఉండాలి. ఇంతకుముందు ఇంట్లో పాన్‌ల్యూకోపీనియాతో కూన పోయి ఉంటే ఆ వైరస్ ఏడాది దాకా మిగిలి ఉండవచ్చు. టీకాలన్నీ పూర్తయిన పిల్లినే తేవాలి. నేల మొదట సబ్బుతో కడిగి, తర్వాత 1 వంతు బ్లీచ్‌కు 32 వంతుల నీళ్లు కలిపి 10 నిమిషాలు ఉంచి, మళ్లీ కడగాలి.

ఇక్కడే మన ఇళ్లలో పెద్ద పొరపాటు జరుగుతుంది: నేల ఫినాయిల్‌తో తుడవడం. పిల్లి కాలేయం కొన్ని రసాయనాలను విరిచి బయటికి పంపలేదు, అందుకు కావాల్సిన ఎంజైము దానికి సరిగా లేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే ఫినాయిల్ పొట్టలోకి పోతుంది. నల్ల ఫినాయిల్, లైజాల్ లాంటివి కూన ఉన్న గదిలో మానేయండి, సబ్బునీళ్లు చాలు. అదే లోపం వల్ల డోలో, క్రోసిన్ కూడా పిల్లికి విషం. కూనకు జ్వరమని పావు బిళ్ల వేసినా ప్రాణం పోతుంది. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందులు, కలరా ఉండలు, లిల్లీ పూల బొకేలు కూడా ప్రమాదమే. పూలమాలలు కట్టే దారం మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచండి. పిల్లి నాలుక మీది ముళ్లు వెనక్కి వాలి ఉంటాయి, నోట్లోకి పోయిన దారాన్ని అది ఉమ్మలేదు. పేగుల్లో చిక్కుకుంటే ఆపరేషనే. నోట్లోంచో, మలద్వారం నుంచో దారం వేలాడుతుంటే లాగవద్దు, అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. బాల్కనీకి కట్టిన పావురాల నైలాన్ వల కూనను ఆపదు, కొరికేస్తుంది. సన్నటి స్టీలు మెష్ వేయించండి.

తిండి మొదటి పది రోజులు అమ్మినవాళ్లు పెట్టిందే పెట్టాలి. ఆ తర్వాత మార్చాలంటే పాతదానిలో నాలుగో వంతు కొత్తది కలుపుతూ వారంలో మార్చండి. కిలో బరువున్న కూనకు పొడి కిట్టెన్ ఫుడ్ రోజుకు 40 నుంచి 50 గ్రాములు, నాలుగు పూటలుగా. ఆవుపాలు, గేదెపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఉడికించిన చికెన్ మాత్రమే పెట్టడం మంచి తిండి అనుకుంటారు, కానీ ఎముక లేని మాంసంలో కాల్షియం కంటే ఫాస్ఫరస్ 15, 20 రెట్లు ఎక్కువ. ఒంట్లో కాల్షియం సరిచేయడానికి ఎముకల్లోంచి లాగేసుకుంటుంది. రెండు నెలల్లో కూన కుంటడం, సోఫా మీంచి దూకితేనే ఎముక విరగడం ఇలాంటి తిండి వల్లే. పెరుగన్నం, పాలన్నం అసలు పనికిరావు. టౌరిన్ అనే పోషకం పిల్లికి జంతు మాంసం నుంచే అందాలి, అది లేకపోతే గుండె కండరం బలహీనమై, చూపు పోతుంది. ఇంట్లోకి మాంసం రానివ్వని కుటుంబాలు పిల్లి కోసం డబ్బా తిండి తెచ్చుకోగలమా అన్నది ముందే తేల్చుకోవాలి. తెచ్చుకోలేమంటే పిల్లి వద్దు, కుందేలో పక్షో ఆలోచించండి.

మొదటి రోజు దాక్కోవడం మామూలే. 12 గంటలైనా తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి. చిన్న కూనలో చక్కెర త్వరగా పడిపోతుంది. వాంతులు, విరేచనాలు, మందకొడితనం కలిసి కనిపిస్తే ఆ పూటే వెళ్లాలి. రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. రోజుకు 10, 15 గ్రాములు పెరగాలి, రెండు రోజులు వరుసగా తగ్గితే మిగతా లక్షణాలు లేకున్నా చూపించాలి. కన్నీటి మరకలను తడి దూదితో ఉదయం సాయంత్రం తుడవాలి. స్టీలు దువ్వెనతో రోజూ పది నిమిషాలు దువ్వాలి. ఒక్క వారం మానేస్తే చంకల్లో, తొడల దగ్గర జుట్టు ఉండలు కట్టి చర్మాన్ని లాగేస్తుంది, అప్పుడు గొరగడం తప్ప దారి ఉండదు.

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి డాక్టరుతో మాట్లాడండి. ఆలస్యమైతే మగది గోడల మీద మూత్రం చిమ్మడం మొదలుపెడుతుంది, ఆడది రాత్రిళ్లు అరుస్తుంది. చదును ముఖం పిల్లికైతే ఆసుపత్రిని ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు అడగాలి: మత్తు ఇచ్చాక శ్వాసనాళంలో గొట్టం వేస్తారా, మెలకువ వచ్చి తల నిలబెట్టే దాకా పక్కన మనిషి ఉంటారా. మత్తు వల్ల పోయే పిల్లుల్లో ఎక్కువ భాగం ఆపరేషన్ బల్ల మీద కాదు, అది ముగిశాకే పోతాయి, వాటిలోనూ చాలావరకు మొదటి మూడు గంటల్లో. ఈ రెండిటికీ అవునని చెప్పని చోట ఆపరేషన్ చేయించవద్దు.